కంటికి కనిపించే పొగ, కనిపించని పొగ: చిన్న ఇంజన్ల కాలుష్యాన్ని ఎలా అదుపు చేస్తారు?

పత్తి చేలకు మందు కొట్టే రోజుల్లో ఉదయం ఆరు దాటకముందే ఊళ్లో ఒక చప్పుడు మొదలవుతుంది. తైవాన్ స్ప్రేయర్‌ను గట్టు మీద పెట్టి తాడు లాగుతారు. రెండు మూడు లాగుళ్లకు అందుకుంటుంది. అందుకోగానే నీలం రంగు పొగ ఒక్కసారిగా లేచి, మంచు పట్టిన ఆకుల మీద కాసేపు వేలాడుతుంది. ఆ తర్వాత దాన్ని వీపున వేసుకుని సాళ్లలోకి దిగుతారు. ఇంజన్ నడుము వెనకాలే ఉంటుంది కాబట్టి మందు వాసనతో పాటు ఆ పొగ కూడా పూటంతా ముక్కుకు తగులుతూనే ఉంటుంది.

అదే రైతు ఇంటి ముందున్న బైకు సంగతి వేరు. దానికి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణానికి తగ్గ ఇంజన్, సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, పెట్రోలును కొలిచి చిమ్మే కంప్యూటర్ ఇంజెక్టర్, ఏటా పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటాయి. రెండు ఇంజన్లూ తాగేది ఒకే బంకు పెట్రోలు. ఒకదాని మీద ఇన్ని కళ్లు, రెండోదాన్ని చూసేవాళ్లు ఎవరూ లేరు. ఎందుకిలా? 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక, మోత సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్ కింద తొక్కిస్తున్న వీడియోలు తిరిగాక ఇలాంటి ప్రశ్నలు ఎక్కువయ్యాయి. వాటికి జవాబు కావాలంటే ముందు పొగ అంటే ఏమిటో చూడాలి.

పొగ ఒకటి కాదు, కనీసం మూడు

పెట్రోలు పూర్తిగా కాలితే మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మాత్రమే. ఏ ఇంజన్‌లోనూ అలా పూర్తిగా కాలదు. మిగిలిపోయే వాటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది కార్బన్ మోనాక్సైడ్. మంటకు గాలి చాలనప్పుడు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. షట్టర్ దించిన దుకాణంలో జనరేటర్ నడుపుతూ పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవలేదని వార్తలు వచ్చేది దీనివల్లే. రెండోది హైడ్రోకార్బన్లు, అంటే కాలకుండానో సగం కాలో బయటికొచ్చిన పెట్రోలు, ఆయిలు. ట్రాఫిక్‌లో ముక్కు పుటాలకు తగిలే ఆ పెట్రోలు వాసన ఇదే. మూడోది నైట్రోజన్ ఆక్సైడ్లు. వీటికి పెట్రోలుతో సంబంధం తక్కువ. మంట బాగా వేడెక్కినప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి వీటిని పుట్టిస్తాయి. హైడ్రోకార్బన్లూ ఇవీ కలిసి ఎండలో ఉడికితే నేల దగ్గర ఓజోన్ తయారవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది పడదు.

మనం మామూలుగా ‘పొగ’ అనేది ఈ మూడింటినీ చూసి కాదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం, ఇప్పటి బైకులో అయితే మెకానిక్ భాషలో చెప్పాలంటే సిలిండర్ అరిగి ఇంజన్ ‘బోర్‌కి వచ్చింది’. నల్ల పొగ వస్తే పెట్రోలు మరీ ఎక్కువ వెళ్తోంది. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్లటిది చాలాసార్లు ఉత్త నీటి ఆవిరి. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు సైలెన్సర్ దగ్గర కంటికి కనిపించవు. అందుకే ‘మా బండి పొగే రాదు’ అనే మాటకు కాలుష్యం లెక్కలో పెద్ద విలువ లేదు.

స్క్రూ ఒకటే, చిక్కులు మూడు

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. కాలుష్య నియంత్రణ అంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ ఉన్న పాత బండిని ట్యూనింగ్‌కు ఇచ్చినప్పుడు మెకానిక్ ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకోండి. ఇంజన్‌ను స్లోలో పెట్టి, చిన్న స్క్రూడ్రైవర్‌తో ఎయిర్ స్క్రూను పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పుతూ చెవి ఒగ్గి వింటాడు. ప్లగ్గు విప్పి కొస చూస్తాడు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఎండినట్టుంటే గాలి ఎక్కువ, ఇటుక పొడి రంగులో ఉంటే ‘సెట్టయింది’. చెవి, కన్ను తప్ప ఇంకో మీటర్ లేదు.

ఆ స్క్రూను పెట్రోలు వైపు తిప్పితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. గాలి వైపు తిప్పితే కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది కానీ మంట వేడెక్కి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. గాలి మరీ ఎక్కువైతే అసలు మంటే సరిగా అంటుకోదు, కాలని పెట్రోలు బయటికొచ్చి హైడ్రోకార్బన్లు మళ్లీ పెరుగుతాయి. మూడింటినీ ఒకేసారి తగ్గించే చోటు ఆ స్క్రూ మీద ఎక్కడా లేదు.

చిన్న ఇంజన్లకు ఇంకో తిప్పలు ఉంది. వాటిలో చాలా వాటికి రేడియేటర్ ఉండదు, సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలకు తగిలే గాలితోనే చల్లబడాలి. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కొంత వేడిని లాక్కుంటుంది. కాబట్టి కాస్త పెట్రోలు ఎక్కువ పంపితే ఇంజన్ చల్లగా ఉంటుంది, పొద్దున్నే సులువుగా స్టార్ట్ అవుతుంది, లాగుడూ బాగుంటుంది. కంపెనీలూ మెకానిక్‌లూ దశాబ్దాల పాటు చేసింది ఇదే. అంటే ఎక్కువ కాలుష్యం చిన్న ఇంజన్‌కు లోపంగా వచ్చింది కాదు, కావాలని పెట్టుకున్న సుఖం. పైగా సిలిండర్ చిన్నదయ్యేకొద్దీ లోపలి చోటుతో పోలిస్తే గోడల వాటా పెరుగుతుంది. చల్లటి గోడ దగ్గర మంట ఆరిపోతుంది, అక్కడి పెట్రోలు కాలకుండా మిగులుతుంది. వెయ్యి సీసీ కారు కన్నా వంద సీసీ బండిలో ఈ నష్టం ఎక్కువ.

టూ స్ట్రోక్: పొర్లించి కడిగే బిందె

తొంభైలలో పెరిగినవాళ్లకు టూ స్ట్రోక్ అంటే ఒక వాసన. మా నాన్న స్కూటర్ పొద్దున్నే స్టార్ట్ కాకపోతే ఓ పక్కకు వంచి, లేపి, మళ్లీ కిక్ కొట్టేవాడు. బంకులో పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కొలిచి కలిపేవాళ్లు. యమహా ఆర్‌ఎక్స్100 బైకు వీధిలోకి వస్తే చప్పుడు విని ఫలానా వాళ్లబ్బాయి వచ్చాడని చెప్పగలిగేవాళ్లం.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో గాలి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం వేటికవే నాలుగు అడుగులు. టూ స్ట్రోక్ ఆ నాలుగింటినీ రెండింట్లో ముగిస్తుంది. అందుకే తేలిక, చవక, అదే సైజుకు లాగుడు ఎక్కువ. అయితే కాలిన పొగను బయటికి తోసేది కొత్తగా లోపలికొచ్చే పెట్రోలు మిశ్రమమే. లోపలికొచ్చే దారి, బయటికి పోయే దారి కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. బిందెలోని మురికి నీళ్లను ఒంపకుండా, పైనుంచి కొత్త నీళ్లు పోసి పొర్లించి కడిగినట్టన్నమాట. మురికితో పాటు మంచి నీళ్లూ కొన్ని పోతాయి. పాత కార్బురేటర్ టూ స్ట్రోక్‌లలో ఇలా కాలకుండానే బయటికి పోయే పెట్రోలు పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉండొచ్చు.

దానికి తోడు ఆయిల్. టూ స్ట్రోక్‌లో ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి ఉండదు, అది పెట్రోలుతో కలిసే వెళ్లి కలిసే కాలాలి. రెండు శాతం కలిపితే చాలు అన్నచోట ‘ఇంజన్ సీజ్ అవుతుందేమో’ అనే భయంతో ఎక్కువ పోసేవాళ్లు చాలామంది. కొందరు టూ స్ట్రోక్‌ల కోసమే చేసిన టూటీ ఆయిల్ బదులు ఏదో చవక ఇంజన్ ఆయిల్ కలిపేవాళ్లు. నాలుగు లీటర్ల పెట్రోలు పట్టే ఆటోలో రెండు శాతమంటే 80 మిల్లీలీటర్లు. దాన్ని నాలుగైదు శాతం చేస్తే 160 నుంచి 200. ఆ తేడా అంతా నీలం పొగై వెనకాల వచ్చేవాడి మొహాన పడుతుంది.

దీన్ని ఎదుర్కోవడానికి నగరాలు వేర్వేరు దారులు పట్టాయి. 2003 మొదలయ్యేసరికి ఢాకా టూ స్ట్రోక్ ఆటోలను వీధుల్లోంచి తీసేసింది. ఢిల్లీలో 1998 నాటి సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆటోలు సీఎన్‌జీకి మళ్లాయి. మన దగ్గర ఎల్‌పీజీ, సీఎన్‌జీ, ఫోర్ స్ట్రోక్ ఆటోలు కలగలిసి వచ్చాయి. టూవీలర్లలో మాత్రం నిషేధం పని లేకుండానే ప్రమాణాలు బిగుసుకునేకొద్దీ టూ స్ట్రోక్ కొత్త బండ్ల మార్కెట్‌లోంచి తప్పుకుంది. చివరిదాకా నిలబడ్డ మోపెడ్ కూడా 2015లో ఫోర్ స్ట్రోక్ అవతారం ఎత్తింది.

సైలెన్సర్ లోపలి తేనెపట్టు

ట్యూనింగ్‌తో మూడు చిక్కులూ తీరవని తెలిశాక మిగిలిన మార్గం, పొగ బయటికొచ్చే దారిలో దాన్ని ఇంకోసారి కాల్చడం. క్యాటలిటిక్ కన్వర్టర్ చేసేది అదే. చూడ్డానికి తేనెపట్టులా సన్నటి రంధ్రాలున్న లోహపు గొట్టం. ఆ రంధ్రాల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. వేడి పొగ వాటి మీదుగా వెళ్తుంటే కార్బన్ మోనాక్సైడ్ డయాక్సైడ్‌గా, హైడ్రోకార్బన్లు నీరు, డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్‌గా మారతాయి.

దీనికి మూడు షరతులున్నాయి. చిన్న ఇంజన్ల కష్టమంతా ఆ షరతుల్లోనే ఉంది.

ఒకటి, మిశ్రమం ఆ 14.7 దగ్గరే ఉండాలి. గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లు విడిపోవు, తక్కువైతే కార్బన్ మోనాక్సైడ్ కాలదు. చెవితో సెట్ చేసే కార్బురేటర్‌తో ఇది అయ్యే పని కాదు. అందుకే సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ పెట్టి, అది చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ ఇంజెక్టర్‌తో పెట్రోలును ఎప్పటికప్పుడు సరిచేస్తుంది. బీఎస్-6తో స్ప్లెండర్, యాక్టివా లాంటి అతి మామూలు బండ్లకు కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది ఇందుకే. మైలేజీ కోసమో, ఫ్యాషన్ కోసమో కాదు.

రెండు, కన్వర్టర్ వేడెక్కాలి. సుమారు 250 నుంచి 300 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ ఆ పూత పని మొదలుపెట్టదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో, అదీ పెట్రోలు ఎక్కువగా వెళ్లే సమయంలో, కన్వర్టర్ ఇంకా నిద్రలోనే ఉంటుంది. దగ్గరి కిరాణా కొట్టుకో పిల్లల్ని స్కూల్లో దింపడానికో ఒక కిలోమీటరు వెళ్లి బండి ఆపేశామనుకోండి. వెళ్లిన దూరంలో కొంత భాగం కన్వర్టర్ లేని బండి నడిపినట్టే. కాగితం మీద ఎంత మంచి ఇంజనైనా ఇలాంటి చిన్న ప్రయాణాల్లో తన అంకె నిలబెట్టుకోలేదు. కన్వర్టర్‌ను ఇంజన్ దగ్గరికి జరిపి పెడితే త్వరగా వేడెక్కుతుంది కదా అంటే, బైకు మీద ఆ చోటు కాలికి తగిలే చోటు.

మూడు, దాన్ని పాడుచేసేవి దరి చేరకూడదు. సీసం తగిలితే పూత చచ్చిపోతుంది. 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చాకే కన్వర్టర్లకు పూర్తిగా దారి దొరికింది. గంధకం కూడా శత్రువే. బీఎస్-4 పెట్రోలులో పది లక్షల భాగాలకు 50 భాగాల దాకా గంధకం ఉండొచ్చు, బీఎస్-6లో 10 మించకూడదు. అంటే బండి ఒక్కటే మారితే చాలదు, రిఫైనరీ కూడా మారాలి.

మోత కోసం సైలెన్సర్ మార్పించే కుర్రాళ్ల విషయం ఇక్కడికొస్తుంది. చాలా బండ్లలో కన్వర్టర్ ఆ పాత సైలెన్సర్‌లోనో, దానికి అంటిన పైపులోనో ఉంటుంది. దాన్ని తీసి గొట్టం బిగిస్తే చప్పుడుతో పాటు కన్వర్టరూ పోతుంది. రోడ్ రోలర్ వీడియోల్లో చర్చంతా చప్పుడు గురించే సాగుతుంది. నా లెక్కలో రెండో నష్టమే పెద్దది.

బీఎస్ అంకెలు: రోజుకు 30 కిలోమీటర్ల లెక్క

బీఎస్ అంటే భారత్ స్టేజ్. కొత్త బండిని ల్యాబ్‌లో రోలర్ల మీద నిర్ణీత పద్ధతిలో నడిపి, కిలోమీటరుకు ఎన్ని గ్రాములు వదిలిందో కొలుస్తారు. టూవీలర్ల హద్దులు ఇలా తగ్గుతూ వచ్చాయి. 1996లో కార్బన్ మోనాక్సైడ్ 4.5 గ్రాములు, హైడ్రోకార్బన్లు నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి 3.6. 2000లో రెండూ 2.0. 2005లో 1.5. 2010 నాటి బీఎస్-3లో 1.0. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6లో కార్బన్ మోనాక్సైడ్ 1.0, హైడ్రోకార్బన్లు 0.1, నైట్రోజన్ ఆక్సైడ్లు 0.06.

రోజుకు 30 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు బండి నడిపే ఒక చిరుద్యోగిని తీసుకుందాం. 1996 హద్దులో ఉన్న బండైతే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి రోజుకు 108 గ్రాములు, ఏడాదికి 32 కిలోల పైచిలుకు. బీఎస్-6 బండైతే రోజుకు 4.8 గ్రాములు, ఏడాదికి కిలోన్నర లోపే. ఇరవై రెట్లకు పైగా తేడా. ఇవన్నీ హద్దులే. రోడ్డు మీద, పాతబడ్డ బండి నుంచి, ట్రాఫిక్‌లో వచ్చేది వేరుగా ఉంటుంది.

ఈ వరుసలో ఒక వింత ఉంది. బీఎస్-3లో 1.0 గా ఉన్న కార్బన్ మోనాక్సైడ్ హద్దు బీఎస్-4లో 1.403 అయింది. కొందరు దీన్ని చూపించి ‘సడలించారు’ అన్నారు. నిజానికి మారింది పరీక్ష. అంతకుముందు వాడిన భారతీయ పద్ధతిలో బండి వేగం 42 కిలోమీటర్లు దాటదు. బీఎస్-4తో వచ్చిన అంతర్జాతీయ పద్ధతిలో వేగం, గేరు మార్పులు, ఒత్తిడి ఎక్కువ. ప్రశ్నపత్రం కష్టమైనప్పుడు మార్కుల అంకెను పాతదానితో పోల్చి లాభం లేదు. బీఎస్-6 ఆ కష్టమైన పరీక్షలోనే మళ్లీ 1.0 అడిగింది.

బీఎస్-4 గుర్తుంటే 2017 మార్చి 29 కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు అమ్మకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి అమ్ముడుపోని బండ్లు ఎనిమిది లక్షలకు పైనే, అందులో ఎక్కువ టూవీలర్లు. మిగిలిన రెండు రోజులూ షోరూముల ముందు జాతరే. తక్కువ ధరకు దొరికిన ఆ బండ్లలో చాలా వరకు ఇప్పటికీ తిరుగుతున్నాయి. అన్నట్టు, అప్పటి నుంచే హెడ్‌లైటు పగలు కూడా ఆరకుండా వెలగడం మొదలైంది. చాలామంది బీఎస్-4 అంటే ఆ లైటే అనుకున్నారు!

పొల్యూషన్ సర్టిఫికెట్ ఏం కొలుస్తుంది?

ల్యాబ్ పరీక్ష కంపెనీకి, పొల్యూషన్ సర్టిఫికెట్ మనకు. ఈ రెండూ కొలిచేది ఒకటి కాదు. బంకు పక్కన ఆగి ఉన్న వ్యాన్‌లో, బండి స్లోలో నడుస్తుండగా సైలెన్సర్‌లోకి గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల్లో ఎన్ని భాగాలు అని చూస్తారు. 2000 తర్వాత, బీఎస్-6కు ముందు వచ్చిన ఫోర్ స్ట్రోక్ టూవీలర్లకు చాలాకాలంగా ఉన్న హద్దు 3.5 శాతం, 4500 భాగాలు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. కొలిచినా దొరకవు, ఎందుకంటే అవి ఇంజన్ మీద బరువు పడినప్పుడు, గేరు వేసి లాగినప్పుడు పుట్టేవి.

ఇంకో లొసుగు, అసలు పరీక్షే జరగకపోవడం. ఒకసారి నేను వెళ్లినచోట నెంబర్ ప్లేట్‌కు ఫోటో తీసి, గొట్టం పైపు దగ్గర ఊరికే ఊపి, కాగితం చేతిలో పెట్టాడు. బండి ఇంజన్ ఆపి ఉంది. సర్టిఫికెట్‌లో మాత్రం రెండు దశాంశాల దాకా అంకెలున్నాయి.

ఈ పరీక్ష దండగ అనేవాళ్ల వాదన ఇదే. దాన్ని సమర్థించేవాళ్లూ ఉన్నారు. సరిగా చేస్తే బాగా చెడిపోయిన బండ్లను, అంటే రింగులు అరిగినవాటిని, కార్బురేటర్ పొర్లుతున్నవాటిని అది పట్టుకోగలదు. మొత్తం కాలుష్యంలో పెద్ద వాటా అలాంటి కొద్ది బండ్లదే కాబట్టి అంత మాత్రం చాలునని వాళ్ల మాట. కొత్త బండ్లకు ఇంకో పద్ధతి మొదలైంది. ఓబీడీ అని, కాలుష్య నియంత్రణ భాగాలను బండే గమనించుకుంటూ తేడా వస్తే మీటర్ దగ్గర ఇంజన్ గుర్తు లైటు వెలిగిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి టూవీలర్లలో దీన్ని గట్టి చేశారు, 2025లో ఇంకో మెట్టు ఎక్కించారు. ఆ లైటు వెలిగినా బండి మామూలుగానే నడుస్తుంది. ‘నడుస్తోంది కదా’ అని నెలల తరబడి వదిలేసేవాళ్ల విషయంలో ఓబీడీ కూడా ఏమీ చేయలేదు.

ఈ20: కొంత మేలు, కొంత తకరారు

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపితే ఇంజన్ లోపల రెండు మార్పులొస్తాయి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది, కాబట్టి అది కాలడానికి గాలి తక్కువ చాలు. 14.7 బదులు ఈ20కి 13.5 దగ్గర సరిపోతుంది. అలాగే లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ.

బీఎస్-6 బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను చూసి ఇంజెక్టర్‌కు చెబుతుంది. కార్బురేటర్ బండికి చెప్పేవాళ్లు లేరు. అది పాత కొలతలోనే పంపుతుంది కాబట్టి మిశ్రమం గాలి వైపు జరుగుతుంది. అంతకుముందు పెట్రోలు ఎక్కువ తాగే బండైతే ఇది మంచికే, కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక టూవీలర్లలో కార్బన్ మోనాక్సైడ్ సగానికి, హైడ్రోకార్బన్లు ఐదో వంతు దాకా తగ్గుతాయని చెప్పింది. నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో స్పష్టమైన తేడా కనిపించలేదంది. కన్నుల్ని మండించే ఎసిటాల్డిహైడ్ మాత్రం ఇథనాల్‌తో పెరుగుతుంది.

మైలేజీ లెక్క చూద్దాం. ఇథనాల్ అసలు లేని పెట్రోలుతో 50 కిలోమీటర్లు ఇచ్చే బండి, శక్తి లెక్క ప్రకారమైతే ఈ20తో సుమారు 46.7 ఇవ్వాలి. అదే నివేదిక పాత టూవీలర్లకు మూడు నాలుగు శాతం తగ్గుదల చెప్పింది, అంటే 48 దాకా. 2022 నాటికే మనం పది శాతం ఇథనాల్ పోయించుకుంటున్నాం కాబట్టి కొత్తగా తగ్గేది ఇందులో సగం మాత్రమే. అంతకన్నా ఎక్కువ పడిపోయిందంటే ప్లగ్గు, చైను, టైర్లలో గాలి కూడా ఒకసారి చూడాలి. పాత రబ్బరు పైపుల భయం వేరు, అది ఊరికే పుట్టిన భయం కాదు. ఈ20ని తట్టుకునే భాగాలతో బండ్లు రావడం 2023 నుంచే తప్పనిసరి అయింది.

ఎవరి మీద భారం పడాలి?

దేశంలో రిజిస్టరైన ప్రతి నాలుగు బండ్లలో సుమారు మూడు టూవీలర్లే. అందుకే ప్రమాణాలు బిగించినప్పుడల్లా తగవు ఇక్కడే మొదలవుతుంది.

కంపెనీలు ధర గురించి మాట్లాడతాయి. పది లక్షల కారులో కన్వర్టర్, సెన్సర్ల ఖర్చు కలిసిపోతుంది. డెబ్బై వేల బండిలో అదే ఖర్చు కొనేవాడికి తెలుస్తుంది. అతను కొత్తది కొనడం మానేసి పాత బండినే ఇంకో నాలుగేళ్లు లాగితే గాలికి కలిగిన మేలేమిటని వాళ్ల ప్రశ్న. ఊరి మెకానిక్ బాధ ఇంకొకటి. స్క్రూడ్రైవర్, చెవి ఉంటే సరిపోయిన పనికి ఇప్పుడు స్కానర్ కావాలి. ‘సెన్సర్ పోయింది, షోరూముకు తీసుకెళ్లండి’ అని చెప్పాల్సి రావడం అతనికి గిట్టుబాటూ కాదు, గౌరవమూ కాదు.

రెండో వైపు వాదన కూడా బలమైనదే. ఒక్క ఆర్థిక భారాన్ని మాత్రమే చూస్తే చాలదు, సిగ్నల్ దగ్గర ఆ పొగ పీల్చేది ఎవరు? ఏసీ కారులో అద్దాలు ఎత్తుకున్నవాళ్లు కాదు, పక్కనే ఉన్న టూవీలర్ మీదివాళ్లు, ఆటో డ్రైవర్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు. నాకు ఈ మాటే ఎక్కువ బరువుగా తోస్తుంది. అయితే కొత్త బండిని కిలోమీటరుకు 0.1 గ్రాములకు దించాక, ఇంకా దించడానికి పెట్టే ఖర్చు కన్నా పాత బండ్ల మీద పెట్టే ఖర్చు ఎక్కువ ఫలితం ఇస్తుందన్న వాదననూ కొట్టిపారేయలేం. కరెంటు బండ్లు వస్తే ఈ తగవే ఉండదనేవాళ్లు సైలెన్సర్ వరకు నూటికి నూరుపాళ్లు రైటు. కరెంటు ఎక్కడ తయారైందన్నది వేరే వ్యాసం. కన్వర్టర్ ఎంత మంచిదైనా కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించలేదని కూడా ఇక్కడే చెప్పాలి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల డయాక్సైడ్ రావాల్సిందే. అది తగ్గాలంటే మైలేజీ పెరగాలి, లేదా పెట్రోలు వాడకం మానాలి.

రోడ్డెక్కని ఇంజన్లు

ఇక గట్టు మీది స్ప్రేయర్ దగ్గరికి వద్దాం. అది, గడ్డి కోసే బ్రష్ కట్టర్, చెట్లు కోసే రంపం, ఇవన్నీ ఎక్కువగా 25 నుంచి 50 సీసీ టూ స్ట్రోక్‌లు. జనరేటర్లకు కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాలున్నాయి, 2023 జులై నుంచి కొత్తవి అమల్లోకి వచ్చాయి. రోడ్డెక్కే బండికి ఉన్నంత గట్టి నిఘా వీపున మోసే ఈ యంత్రాలకు లేదు. రిజిస్ట్రేషన్ లేదు, సర్టిఫికెట్ లేదు.

ఒక చిన్న లెక్క. స్ప్రేయర్ గంటకు అర లీటరు తాగుతుందనుకుందాం, అంటే 370 గ్రాముల పెట్రోలు. అందులో పావు వంతు కాలకుండా పోతే గంటకు 92 గ్రాముల హైడ్రోకార్బన్లు. బీఎస్-6 బైకు హద్దు కిలోమీటరుకు 0.1 గ్రాము. ఆ 92 గ్రాములు వదలాలంటే బైకు 920 కిలోమీటర్లు తిరగాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లినా ఇంకా మిగిలే ఉంటుంది. ఒక్క గంట మందు కొట్టినందుకు.

ఇది అతిశయోక్తిలా అనిపిస్తే కాలిఫోర్నియా లెక్క చూడండి. రాలిన ఆకులను ఊదే పెద్ద లీఫ్ బ్లోయర్‌ను ఒక గంట నడిపితే వచ్చే కాలుష్యం, 2017 నాటి కారును లాస్ ఏంజెలెస్ నుంచి డెన్వర్ దాకా, అంటే 1,100 మైళ్లు నడిపినంత అని అక్కడి వాయు వనరుల మండలి చెప్పింది. ఆ లెక్కతోనే 2021లో చట్టం చేసి, 2024 నుంచి కాలుష్యం వదిలే కొత్త చిన్న తోట ఇంజన్ల అమ్మకానికి తలుపులు మూశారు. బ్యాటరీ యంత్రాల ఖరీదు ఎక్కువనీ, రోజంతా పనిచేసే తోటపని కూలీలకు చార్జింగ్ నిలవదనీ అక్కడా గొడవ జరిగింది.

మన చేలల్లో ఆ గొడవ ఇంకా పెద్దది. పన్నెండు వోల్టుల బ్యాటరీ పంపుకు పొగ లేదు, చప్పుడు లేదు, కానీ ఎత్తు పెరిగిన పత్తికి, మామిడి తోటకు ఆ ఒత్తిడి చాలదని రైతులు తైవాన్ పంపునే పట్టుకుంటారు. 35 సీసీ ఫోర్ స్ట్రోక్ యంత్రాలు వచ్చాయి. వాటికి పెట్రోలులో ఆయిల్ కలపక్కర్లేదు, వాసనా తక్కువ. బరువు, ధర మాత్రం కాస్త ఎక్కువ. కాలిన పొగకూ కొత్త పెట్రోలుకూ మధ్య ఉత్త గాలి పొర ఒకటి పంపి, బయటికి పోయేది పెట్రోలు కాకుండా ఆ గాలే అయ్యేలా చేసే టూ స్ట్రోక్‌లు కూడా ఉన్నాయి. బిందె ఉపమానంలో చెప్పాలంటే, మురికిని ముందు చవక నీళ్లతో తోసేసి, తర్వాత మంచి నీళ్లు పోయడం.

అప్పటిదాకా ఉన్న యంత్రంతోనే చూస్తే, తేడా కొలతలో ఉంది. లీటరుకు 40 మిల్లీలీటర్లు చాలన్న యంత్రానికి చాలామంది సీసా మూతతో ‘ఉజ్జాయింపుగా’ రెండు మూడు మూతలు వంచి, ఇంకొంచెం పోస్తారు. గట్టు మీద ఆ పొగ అంత నీలంగా లేవడానికి కారణం ఆ ‘ఇంకొంచెం’.